రొయ్యల గుంటలో పండుగప్పలు

కోట మండలం చుట్టుపక్కల పెంచలకృష్ణను రొయ్యల డాక్టరంటారు. ఆ పేరు తనకు తానే పెట్టుకున్నాడు. వరి మడిని తవ్వించి గుంట చేసిన నాటి నుంచి అతను సలహా చెప్పని రైతు లేడు, విని బాగుపడ్డ రైతూ లేడు. సొంత గుంటలోనూ వరసగా నష్టాలే. అందుకే భార్య సాయిలక్ష్మి ఈసారి తేల్చి చెప్పేసింది.

"ఈ పంట గూడా పోయిందంటే గుంట పూడ్పించేస్తా. మనకి వరే మేలు."

ఆ భయంతో పెంచలకృష్ణ ఉన్న తెలివంతా బయటికి తీశాడు. కాలవ నీళ్ళతో గుంటలోకి చొరబడ్డ చిల్లర చేపలు రొయ్యల మేత మింగేస్తున్నాయి. వాటి పని పట్టడానికి, ఉప్పుకాలవలో వల వేసే ఓబయ్య దగ్గర చిన్న చేపల్ని మింగే జానెడేసి పండుగప్ప చేపపిల్లలు కొని తెచ్చి వదిలాడు. కొనేటప్పుడు ఓబయ్య ఏదో చెప్పబోతే, డాక్టరుకు చెప్పేదేముందని చేయి అడ్డం పెట్టాడు.

చిల్లర చేపలు నిజంగానే మాయమయ్యాయి. అతను మీసం దువ్వుకున్నాడు. కొన్నాళ్ళకు, రొయ్యలు తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత వేసింది వేసినట్టే మిగలసాగింది.

"ఏందిది?" అంది సాయిలక్ష్మి.

"అమావాస్య గదా, పెంకు విడస్తా ఉండాయి. అప్పుడు మేత ముట్టవు."

అమావాస్య దాటాక పౌర్ణమిని అడ్డం పెట్టుకున్నాడు. మధ్యలోని తిథులకూ ఏదో ఒక కారణం దొరికింది.

పంట పట్టే పట్టుబడి రోజు వల లాగితే రొయ్యలు దోసెడు కూడా రాలేదు. మూరెడేసి పండుగప్పలు మాత్రం కడుపులు ఉబ్బించుకుని ఎగిరిపడ్డాయి. చిల్లర చేపలు అయిపోయాక అవి రొయ్యల మీద పడ్డాయని గట్టు మీదున్న అందరికీ అర్థమైంది, డాక్టరుకు అందరికంటే చివర. సిగ్గుతో అతనికి ఏడుపొచ్చింది. ఇక గుంట పోయినట్టే.

మధ్యాహ్నం సాయిలక్ష్మి ఒక పండుగప్పను మామిడికాయ వేసి పులుసు పెట్టింది. తిట్లు ఎప్పుడు మొదలవుతాయా అని అతను ముద్దముద్దకీ ఆగుతున్నాడు. పులుసు మాత్రం అద్భుతంగా ఉంది. తన రొయ్యల పంటనే తింటున్నానని తెలిసీ ఇంకో ముక్క అడిగాడు.

"గుంట ఎప్పుడు పూడ్పిస్తావు?" అన్నాడు చివరికి, తలెత్తకుండా.

"పూడ్చేదెందుకు? నువ్వు కంటికి రెప్పలా చూసినవన్నీ పోయినాయి. వదిలేసి మర్చిపోయినవి మూరెడు పెరిగినాయి. ఈసారి పండుగప్పలే వేద్దాం," అంటూ ముక్క వడ్డించింది. "నువ్వు మాత్రం గుంట దిక్కుకి రాబాక."

గుంట మిగిలిందన్న సంతోషంలో పెంచలకృష్ణ ఆ మాటకు రోషం తెచ్చుకోవడం కూడా మర్చిపోయాడు.