తీసేస్తే సున్నా

నేను ఒక గాజు పోగును. వెంట్రుకంత సన్నం, మీ చూపుకి ఆనను. ఇసుక లారీలు తిరిగే ఒక ఏటి వంతెన అడుగున నన్ను అంటించారు. నాలోంచి ఎప్పుడూ వెలుగు పారుతూ ఉంటుంది. బరువుకి వంతెన సాగితే నేనూ సాగుతాను, ఆ వెలుగు రంగు పిసరంత మారుతుంది, ఆ మార్పు ఆఫీసు తెరమీద అంకెగా పడుతుంది. అదీ నా ఉద్యోగం.

నాకో జబ్బుంది. ఎండకి కూడా సాగుతాను. ఏది బరువో, ఏది వేడో నా ఒక్కడివల్ల తేలదు. అందుకే నా పక్కన నాలాంటి ఇంకో పోగుని, నా తమ్ముణ్ణి, వదులుగా వేలాడదీశారు. వాడికి బరువు అంటదు, వేడి మాత్రమే తెలుస్తుంది. నా లెక్కలోంచి వాడి లెక్క తీసేస్తే వంతెన కష్టం ఎంతో బయటపడుతుంది. అన్నదమ్ముల్లో ఒకడు ఏ బరువూ మోయకుండా తిరిగినందువల్ల బాగుపడ్డ ఇల్లు మాదొక్కటే.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారన్నారు. ముందురోజు ఇంజనీరు జగ్గారావుగారు వంతెన కిందికొచ్చి తమ్ముణ్ణి చూశారు.

"ఈ తీగేంటయ్యా ఇలా వేలాడతంది? అసయ్యంగా ఉంది. గట్టిగా అంటించీండి" అన్నారు.

కూలీలు పిట్టగోడకి సున్నం వేసిన చేత్తోనే తమ్ముడికి జిగురు పూసి నా పక్కన దూలానికి బిగించేశారు. మంత్రిగారు పైన కొబ్బరికాయ కొట్టి కారెక్కారు. కిందికి తొంగి కూడా చూడలేదు.

ఏం చెప్పను నా రాత! ఆనాటినుంచి నేనెంత సాగితే వాడూ అంతే సాగుతున్నాడు. తీసేస్తే సున్నా. లారీలు బారులు తీరినా సున్నా, దూలం బీటవారినా సున్నా. ఇంత ఆరోగ్యమైన వంతెన ఎక్కడా లేదని జగ్గారావుగారికి శాలువా కప్పారు. నాకు ఒళ్లు మండిపోయింది. తమ్ముడికీ అంతే మండింది కనుక అదీ తెరమీద కనిపించలేదు.

నా భయమంతా పైడమ్మ గురించి. ఏటి గట్టున, సరిగ్గా నా కింద, వంతెన నీడలో ఆమె టీ కొట్టు. నిన్న మధ్యాహ్నం జగ్గారావుగారు తనిఖీకొచ్చి టీ అడిగారు.

"బాబూ, పైనుంచి సిమెంటు పెచ్చులు రాల్తన్నాయి. కొట్టు ఇక్కడే ఉంచమంటారా, తీసీమంటారా?" అంది ఆమె గ్లాసు అందిస్తూ.

"భయమేటీ లేదమ్మా. మిషను సున్నా చూపిస్తంది. నిక్షేపంగా ఉండు."

అలా అని ఆయన ఒకసారి పైకి చూశారు. బీట కనిపించింది కాబోలు. గ్లాసు పట్టుకుని నీడలోంచి బయటికి నడిచి, మండుటెండలో నిలబడి, ఊదుకుంటూ తాగారు.

పైడమ్మ కాసేపు ఆయన్నే చూసింది. తర్వాత స్టవ్ ఆర్పి, బల్లలు బయటికి లాగడం మొదలుపెట్టింది. హమ్మయ్య అనుకున్నాను. పైన లారీలు తిరుగుతూనే ఉన్నాయి. తెరమీద ఇంకా సున్నాయే ఉంది.