గడపకీ మెట్టుకీ మధ్య జానెడు

ఆ ఇంట్లో గ్లాసు నిండా నీళ్లు ఎవరూ పోయరు. పోస్తే తొణుకుతాయి. కొడుకు నడిసముద్రంలో చమురూ గ్యాసూ తోడే ప్లాట్‌ఫాం మీద డ్యూటీలో ఉన్నన్నాళ్లూ, నీళ్ల మీద తేలే ఆ ప్లాట్‌ఫాం అక్కడ ఊగినట్టే ఇల్లు ఇక్కడ ఊగేది. గడప మెట్టు నుంచి జానెడు దూరం జరిగి, మళ్లీ వచ్చి ఆనుకునేది. పోస్టుమాన్ అయితే గడప తిరిగొచ్చేదాకా తీరిగ్గా నిలబడి, అప్పుడు ఉత్తరం అందించేవాడు. ఇరుగుపొరుగుకి ఇదేమంత విడ్డూరం కాదు.

కోడలికి మాత్రం ఒళ్లు మండేది. "పాలు పొంగకముందే ఒలుకుతున్నాయత్తయ్యా, ఇదేం కాపురం?"

"నా కొడుకుని కట్టుకున్నావు, వాడి ఊపు కూడా భరించాలి మరి" అనేది అత్తగారు. ఆవిడ పగలంతా గడప మీదే కూర్చుని, పాదం మెట్టుకి ఆనించేది. కొడుకు పనేమిటో ఆవిడకి బాగా తెలుసు. ప్లాట్‌ఫాంని పన్నెండు గొలుసులు నాలుగు దిక్కులా లాగి పట్టుకుంటాయి. వాటి చివర్న లంగర్లు సముద్రం అడుగున పాతుకుని ఉంటాయి. ఆ గొలుసుల బిగువు చూసుకోవడమే వాడి పని.

ఆ పొద్దున గడప జానెడు జరిగింది. జరిగింది జరిగినట్టే ఉండిపోయింది. ఊగుతోంది గానీ మెట్టుని తాకడం లేదు. ఆవిడ పది ఊపులు చూసింది.

"అమ్మాయ్, వాడికి ఫోన్ కలుపు."

అక్కడ కొడుకు చేతిలో పెన్నుంది. మర్నాడు తుఫాను. గొలుసులన్నీ బాగున్నాయని అతను సంతకం పెడితే తొంభైమందీ అక్కడే ఉండిపోతారు. లేదంటే ఇవాళే హెలికాప్టర్లెక్కి ఒడ్డుకి పోతారు.

"ఒరేయ్, ఇల్లు పోయింది, తిరిగి రాలేదు. ఏదో గొలుసు తెగిందిరా."

"గాలికి జరిగుంటుందిలే అమ్మా. గొలుసుల బిగువు మీటర్లన్నీ బాగానే చూపిస్తున్నాయి. ఏడోది మరీ బుద్ధిమంతురాలు, రెండ్రోజులుగా అంకె కూడా మారలేదు."

"మారలేదా?" ఆవిడ గొంతు పెరిగింది. "నేల మీదున్న నా ఇల్లే క్షణం కుదురుగా లేదు, నీళ్లలో గొలుసు కదలకుండా కూర్చుందట్రా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

పెన్ను ఆగింది. అలలు కొట్టేచోట గొలుసు బిగుస్తుంది, సడలుతుంది. అంకె కదలట్లేదంటే మీటరు చచ్చిందని. రోజూ తెర చూసి ఏడోదాన్ని మెచ్చుకున్న వాళ్లంతా, తనతో సహా, ఆ ముక్కే మరిచారు. నీళ్లలోకి కెమెరా దింపారు. ఏడో గొలుసు తెగి అడుగున బురదలో పడి ఉంది.

ఒకటి తెగితే దాని భారం పక్క రెంటి మీద పడుతుంది. అవీ తెగితే ప్లాట్‌ఫాం కట్టు తెంచుకున్న గొడ్డే. గ్యాసు ఆపేశారు. ఎనభైమందిని ఒడ్డుకి పంపేశారు. ఎదురువైపు గొలుసులు వదులు చేసి భారం సర్దడానికి పదిమంది ఆగారు.

"నేనూ ఆగుతున్నా. గొలుసులు నావి కదే" అన్నాడు ఫోన్లో భార్యతో. అంతలో లైను పోయింది.

తుఫాను రోజు ఇల్లు ఎగిరెగిరి పడింది. గిన్నెలు తాళ్లతో కట్టేశారు. ఫోను లేదు, కబురు లేదు. గడప జానెడు పోయింది, మూరెడు పోయింది. ఇన్నాళ్లూ ఊపుని తిట్టిపోసిన కోడలు అత్తగారి పక్కన కూలబడి, "పోతే పోయావు గానీ తిరిగి రావే తల్లీ" అని ఇంటిని బతిమాలింది. అత్తగారు ఆమె చెయ్యి వదల్లేదు, మెట్టు మీంచి కాలూ తియ్యలేదు.

సాయంత్రానికి మూరెడు జానెడైంది, జానెడు బెత్తెడైంది. చివరికి గడప వచ్చి టక్కున మెట్టుకి ఆనింది.

"అమ్మో, నా వేలు!" అని కేకేసింది అత్తగారు.

"కాలు తియ్యండత్తయ్యా!"

"ఉండనీవే, ఉండనీ" అంటూ ఆవిడ ఏడుస్తూనే పకపకా నవ్వింది. "వచ్చేసిందే, వాడికేం కాలేదు!"

నాలుగోరోజు కొడుకు వీధి మలుపు తిరగగానే ఇల్లు ఊగడం మానేసింది. భార్య గ్లాసు అంచుదాకా నీళ్లు పోసి తెచ్చింది, ఒక్క చుక్క తొణకలేదు. అందుకున్నవాడి చెయ్యే వణికి సగం చొక్కా మీద ఒలికాయి.

"పోనీలెండి" అని ఆమె మళ్లీ నిండా పోసింది.