కంటైనర్ దగ్గర మైల

ఇలా దగ్గరికి జరిగి కూకోండి బాబూ. పలాస జీడి ఫ్యాక్టరీలో నా కళ్ళతో సూసింది సెప్తాను.

మా షావుకారు ధర్మారావుకి జీడి పిక్కలు ఓడ మీద వస్తాయి. విశాఖ రేవు నుంచి కంటైనర్‌లో మా వాకిట్లోకి సేరతాయి. పిక్కలు దించేసి ఆ ఇనప పెట్టెని గడువులోగా ఓడ కంపెనీకి తిప్పి పంపాల. లేటయితే రోజుకింతని జరిమానా. ఆ ఎండాకాలం గోదాం ఖాళీ సెయ్యకుండానే సరుకు తెప్పించేడు. గడువు దాటిపోయింది. తప్పు ఆయనది, తొందర బస్తాలు దించే కలాసీలది.

"పెట్టె ఖాళీ అయ్యేదాకా ఎవుడూ కిందికి దిగొద్దు" అన్నాడు.

నాతో పిక్కలు కొట్టే బొడ్డమ్మ పెనిమిటి అప్పలసూరి లోపల బస్తాలెత్తుతున్నాడు. ఉద్దానం మనిషి, కిడ్నీలు అప్పటికే పాడు. పెట్టె పెనంలా కాలతంది.

"బాబూ, గుక్కెడు నీళ్ళు తాగొత్తాను."

"ఈ రోజు జరిమానా నువ్వు కడతావేటిరా?"

సూరి మళ్ళీ బస్తా ఎత్తుకున్నాడు. కాసేపటికి బస్తాతోపాటు కూలిపోయేడు. మేం బయటికి లాగేసరికి ప్రాణం లేదు. అప్పుడు షావుకారు అన్నమాట ఇనండి: "మిగతా బస్తాలు ఎవుడు దించుతాడు?"

ఎవుడూ దించలేదు. సూరిని కాటికి పంపేక బొడ్డమ్మ తిన్నగా ఫ్యాక్టరీకి నడిచింది.

"మైలలో గడప దాటకూడదే" అన్నాన్నేను.

"మైల ఆ పెట్టెకి అత్తా. దాని దగ్గరే కూకుంటాను. ఎలా కదుల్తాదో సూత్తాను."

పిక్కలు కొట్టే ఆడోళ్ళం పని ఒగ్గేసి పక్కన కూకున్నాం. కలాసీలూ వచ్చేరు.

"మన పొయ్యిలు ఆరిపోతాయే" అని గొణిగింది మాలో ఉన్న పెద్దతల్లి.

"ఎప్పుడు నిండా మండేయి గనక?" అంది బొడ్డమ్మ.

రోజు గడిచేకొద్దీ జరిమానా పెరిగింది. షావుకారు ఫోన్‌లో ఓడ కంపెనీవోడిని బతిమాల్తంటే మావోళ్ళు ఎక్కిరించేరు: "దండం గట్టిగా పెట్టు బాబూ, మేం నీకు పెట్టినట్టు."

దిగొచ్చి అన్నాడు, "సావు ఖర్చులిస్తాను, లెగండి."

"ఖర్చులు మాకేల? నీ పనిలో నీ మాట వల్ల సచ్చిపోయేడని రాసియ్యి. పరిహారం కట్టు" అంది బొడ్డమ్మ.

రాయలేదు. సూరి దినం ఆ పెట్టె ముందే జరిపేం. పిండం పెట్టిన సోటికే పోలీసు వ్యాను వచ్చింది. బొడ్డమ్మని జుట్టట్టుకుని ఈడ్చేరు. నన్నూ ఎక్కించేరు. ముసలిదానికి సీటివ్వండ్రా అని నేనంటే లాఠీ సూపించేరు.

వ్యాను గేటు దాటతంటే ఎనక్కి సూసేను. పక్క ఫ్యాక్టరీ ఆడోళ్ళు గోడ దాటొచ్చి, మేం లెగిసిన సోటే కూకుంటన్నారు. పెట్టెని కదిలించడానికి తెచ్చిన లారీ ఇంజను ఆగిపోయింది.

సూరి పేరు మరిసిపోకండి. రేపు మీరు పనికెళ్ళిన సోట, మీ పక్కనున్నోళ్ళకి ఇది సెప్పండి.