అశ్విని ఇచ్చే జవాబులు

"ఫోన్ల ఆటలాడేటోళ్ల ఏడ్పులు ఇనుడు గూడ నౌకరేనా?" అంది అత్త అలివేలు, పుంటికూర కట్ట కోడలి ముందు పడేస్తూ.

కళ్యాణి ల్యాప్‌టాప్‌ని బియ్యం డబ్బా మీద పెట్టుకుని, ఆకు తెంపుతూనే పని మొదలుపెట్టింది. సూర్యాపేటలోని ఆ కిరాయి ఇంట్లో ఆమెకంటూ బల్ల లేదు, తలుపున్న గది లేదు. వంటింటి మూల ఉంది. కోదాడలో పెరిగిన ఆమె రాసే తెలుగు బాగుందని హైదరాబాద్ కంపెనీ ఒకటి ఉద్యోగమిచ్చింది. లక్షల మంది కలిసి ఆడే యుద్ధపు ఆటకు తెలుగులో వచ్చే ఫిర్యాదులన్నిటికీ జవాబివ్వాలి. అది ఏ ఆటో బయట చెప్పకూడదన్నారు. ఇంట్లో అడిగినవాళ్లూ లేరు. సొంత పేరు వాడకూడదు కాబట్టి ఆటగాళ్లకు ఆమె అశ్విని.

ఆ వారం ఆటలో ఒక తుపాకీ బలం తగ్గించారు. అది చేతిలో ఉన్నవాడే ప్రతిసారీ గెలుస్తున్నాడు, మిగతావాళ్లు ఆడీ లాభం లేకుండా పోతోందని. ఇక తిట్లు మొదలయ్యాయి. కళ్యాణికి తిట్లు కొత్త కాదు. చాలామంది కోపం ఒకటి రెండు జవాబులకు చల్లారుతుంది. ఇన్నాళ్లూ తమకొక్కరికే చెల్లింది అందరికీ చెల్లబోతే అన్యాయం జరిగిపోయిందని గోలపెట్టేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాళ్లను బుజ్జగించడం కంపెనీ నేర్పకముందే ఆమెకు వచ్చు.

రణధీర్ అనే పేరుతో రాసేవాడు మాత్రం చల్లారలేదు. మొదట తుపాకీ గురించే రాశాడు. జవాబు కింద ఆడపేరు చూశాక తుపాకీని వదిలేశాడు. 'గిన్నెలు తోముకునేదానివి, నీకేం తెల్సు?' అన్నాడు. తర్వాత 'నీ ఆఫీసు ఏడుందో ఎతుక్కుంట వస్త' అన్నాడు. ఆ పైన రాసినవి ఆమె ఎవరికీ చదివి వినిపించలేకపోయింది. పై అధికారి సంపత్‌కు పంపితే, "ఇవన్నీ ఉత్త మాటలే మేడం, మర్యాదగా జవాబివ్వండి" అన్నాడు. ఆమె మర్యాదగానే జవాబిచ్చింది. కూరగాయలకు వెళ్లినప్పుడు మాత్రం వెనక ఏ బండి నెమ్మదించినా పక్కకు జరిగి అది దాటిపోయేదాకా ఆగేది.

ఆట పేరు, రాసేవాడి పేరు చెప్పకుండా ఆ భయం భర్త నరేందర్‌కే చెప్పుకుంది. అతను బైకుల షోరూంలో పనిచేస్తాడు. పెళ్లయినప్పటి నుంచి ఒక్కసారీ ఆమె మీద గొంతెత్తలేదు. "ఎవడో పిచ్చోడు. నువ్వు పరేషాన్ గాకు, నేనున్న గద" అని తల నిమిరాడు. ఆ పూట ఆమె కడుపునిండా తిన్నది.

సోమవారం పని మొదలుపెట్టేసరికి రణధీర్ పంపిన వీడియో ఒకటి వచ్చి ఉంది. తుపాకీ ఎంత పనికిరాకుండా పోయిందో చూపించడానికి తన ఆటే రికార్డు చేశాడు. కింద రాశాడు: 'ఇది సూసినంక గూడ గదే మాట చెప్తే, నీ మొఖం అద్దంల నువ్వే గుర్తుపట్టవ్ అశ్వినీ.'

కళ్యాణి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింది. కాల్పులు. వాటి వెనక కుక్కర్ విజిల్. వీధిలో ఉల్లిగడ్డల ఆటో మైకు. ఆ తర్వాత ఒక ఆడగొంతు: "వడ్డించానండీ, చల్లారిపోతోంది."

తన గొంతే.

"వస్తున్న కళ్యాణీ, ఒక్క నిమిషం" అంది మెత్తటి మగగొంతు.

నిన్న మధ్యాహ్నం సంగతి అది. వచ్చి తిన్నాడు. పప్పు బాగుందన్నాడు. చెయ్యి కడుక్కున్నాక ఈ వాక్యం రాశాడన్నమాట. విచారణ అయ్యేదాకా ఖాతా ఆపే వీలు ఆమెకుంది. ఆపేసింది.

సాయంత్రం నరేందర్ చెప్పులు విప్పుతూనే ఫోన్ తీశాడు. మొహం మాడిపోయింది. "నా ఆట బంద్ వెట్టిన్రు."

"నేనే ఆపాను. ఆ అశ్విని నేనే."

అతను నవ్వాడు. "అగో! నాకెట్ల తెలుస్తది? నువ్వని తెలిస్తే అట్ల రాస్తనా?"

"నేను కాకపోతే రాయొచ్చా?"

"ఆటల కోపంల అన్నదానికి మొగనితోని లొల్లివెట్టుకుంటవా?" అంది అత్త, టీవీ ముందు నుంచి కదలకుండానే.

నరేందర్ వెళ్లి వీధి తలుపు గడియ పెట్టాడు. బయట ఇంకా ఎండ ఉంది. వచ్చి కళ్యాణి వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేశాడు. "తెరిపియ్యి కళ్యాణీ." గొంతు మెత్తగానే ఉంది. చెయ్యే బరువుగా ఉంది.

ఇన్నేళ్లూ ఆ మెత్తదనాన్నే మంచితనం అనుకుంది. అరవనివాడు కొట్టడనుకుంది. అది తనకు కాదు, తన మెడలోని పుస్తెలకు దక్కిన మర్యాద. గుమ్మం అవతల ఏ ఆడపేరుకూ అతని దగ్గర అది లేదు. రేపు ఆ పుస్తెలు తీస్తే తనకూ ఉండదు.

ల్యాప్‌టాప్ తెరిచింది. ఖాతా తిరిగి తెరవాలన్నా, పోలీసులకు అప్పజెప్పాలన్నా ముందు కంపెనీ ఒక ప్రశ్న అడుగుతుంది: బెదిరించిన వ్యక్తి హాని చేయగలిగేంత దగ్గరలో ఉన్నాడా? అవునంటే ఫిర్యాదు పోలీసులకు వెళ్తుంది, కాదంటే ఖాతా తెరుచుకుంటుంది.

భుజం మీది వేళ్లు బిగిశాయి. కళ్యాణి 'అవును' నొక్కి, కింద తన అసలు పేరూ ఈ ఇంటి చిరునామా రాసి పంపేసింది.