లారీ కాటా మీద మనిషి

గేటులోంచి వచ్చే లారీని ఒక్క చూపు చూసి దాని బరువు కిలోతో సహా చెప్పగల మొనగాడు భూప్రపంచం మొత్తం మీద ఒక్కడే ఉండేవాడు. కలప డిపోలో లారీలు తూచే పని. అందరూ కాటాయన అనేవారు. ఇన్ని బరువులు చూసినవాడికి సొంత బరువు మాత్రం కంట పడలేదు.

పొట్ట ముందు, తను వెనక నడిచే దశకు వచ్చేసరికి మోకాళ్ళు మొరాయించాయి. లోడు సరిచూడాలంటే లారీ పక్క నిచ్చెన ఎక్కాలి. ఎక్కడం ఎలాగో అయ్యేది. దిగేటప్పుడు ప్రాణం మీదికి వచ్చేది.

"వచ్చే సీజనుకీ ఇలాగే ఉంటే గేటు దగ్గర కుర్చీ వేయిస్తాలే, కూర్చుందువుగాని," అన్నాడు యజమాని. మంచి మనసుతోనే అన్నాడు. కాటాయనకు మాత్రం తల కొట్టేసినట్టయింది. పొద్దస్తమానం గేటు కర్ర ఎత్తి దించడానికా తను పుట్టింది?

డాక్టరమ్మ మోకాళ్ళు అటూ ఇటూ వంచి చూసింది. "కీళ్ళు అరిగాయి. అరిగింది తిరిగి రాదు. కానీ బరువు తగ్గితే నొప్పి తగ్గుతుంది. ఒంట్లో ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గినట్టే."

"ఒకటి దించితే నాలుగు తగ్గే కాటా ఎక్కడుందమ్మా? తూనికల శాఖ ముద్ర వేయించారా దానికి?"

"నా కాటా సంగతి సరే. పూటకి ఎన్నిసార్లు వడ్డించుకుంటారు?"

పక్కనే ఉన్న భార్య అందుకుంది. "నేను లెక్కపెట్టడం మానేసి చాన్నాళ్ళయింది డాక్టరుగారూ!"

ఆ రోజు నుంచి రెండో వడ్డన బంద్. టీలో చక్కెర బంద్. కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపి తొడలు బిగించే కసరత్తు, సాయంత్రం చదును దారిలో నడక. వారానికోసారి, డిపోలో ఎవరూ లేనప్పుడు, లారీ కాటా నడిమధ్య ఒంటరిగా నిలబడేవాడు. బోర్డు మీద ఎర్ర అంకెలు వెలిగేవి. తొంభై.

వారాలు గడిచాయి. తొంభై. నెలలు గడిచాయి. అదే తొంభై.

"నోరు కట్టుకుని ఏం బావుకున్నావు బావా?" అన్నాడు లారీ తోలే బామ్మర్ది, బిస్కెట్ల పొట్లం ముక్కు దగ్గర ఆడిస్తూ. "రెండు వేసుకో. అక్కకి చెప్పనులే."

కాటాయన చెయ్యి చాచాడు కూడా. గేటు దగ్గర కుర్చీ కళ్ళ ముందు మెదిలి వెనక్కి తీసుకున్నాడు.

ఆ తర్వాతి వారం కాటా ఎక్కితే, ఎనభై!

దిగి మళ్ళీ ఎక్కాడు, అదే ఎనభై. ఒక్క వారంలో పది కిలోలా? ఏ మాయదారి రోగమో! భార్యను వెంటబెట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తాడు. మోకాళ్ళ ఊసే మరిచి మెట్లన్నీ ఎక్కేశాడు.

డాక్టరమ్మ తన కాటా ఎక్కించింది. "ఎనభై నాలుగు. మొదటిసారి వచ్చినప్పుడు తొంభై నాలుగు. మెల్లగా, తగ్గాల్సిన పద్ధతిలోనే తగ్గారు. ఇంతకీ మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?"

చెప్పడం మొదలుపెట్టి, సగంలోనే నాలుక కరుచుకున్నాడు. లారీ కాటా పదుల్లోనే చూపిస్తుంది. ఎనభై అయిదైనా, తొంభై నాలుగైనా దానికి తొంభయ్యే. రోజూ ఆ ముక్క డ్రైవర్లకు చెప్పి చెప్పి గొంతు ఎండబెట్టుకునేది అతనే!

"ఏనుగుల్ని తూచేదాని మీదెక్కి పిల్లి బరువు అడిగారన్నమాట," అంది భార్య.

"నేను పిల్లినా?"

"ఇంకొన్ని నెలలు రెండో వడ్డన అడక్కండి, అవుతారు."

అన్నట్టు, చూపుతోనే లారీ బరువు చెప్పేవాడన్నాను కదూ? లారీతో వచ్చిన బరువు చీటీని ముందే ఓరకంట చూసేసేవాడు. అయినా మొనగాడే. చీటీ తలకిందులుగా ఉన్నా చదివేసేవాడు మరి.

సీజను మొదటి లారీ వచ్చింది. యజమాని గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. కాటాయన నిచ్చెన పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కాడు. దుంగల కట్లు లాగి చూశాడు. దిగేటప్పుడు ఎడమ మోకాలు చురుక్కుమంది. ఆగాడు, ఊపిరి పీల్చుకున్నాడు, మళ్ళీ దిగాడు. కిందికి వచ్చేదాకా ఎవరి చెయ్యీ అడగలేదు.

"మధ్యాహ్నం లారీ కూడా నువ్వే చూడు," అనేసి యజమాని లోపలికి వెళ్ళిపోయాడు. అంతే, డిపోలోని లారీలన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించాయి!

ఆ హారన్ల మోత నేను కలిపిందే. ఆ పూట డిపోలో ఉన్నది ఒకే ఒక్క లారీ. బామ్మర్దిది. దాని హారను ఏనాడో పాడైపోయింది.