కలపడమే కదా

బకెట్ నీళ్ళలో పురుగుల పొడిమందు పోసి, గాజులు మోచేతి దాకా తోసుకుని, హెలెన్ చెయ్యి ముంచింది. అడుగున చేరిన ఉండల్ని వేళ్ళతో చిదమసాగింది. పక్కనే గట్టు మీద ఆమె భర్త ఆరోన్ పొద్దున్నే విరిచి తెచ్చిన తుమ్మపుల్ల ఉంది. పుల్లతో కలిపితే ఉండలు మిగులుతాయి. మందు కొట్టే పంపు నాజిల్ పూడుకుపోతుంది. ఆరోన్ దాన్ని విప్పి, నోట్లో పెట్టుకుని ఊదుతాడు. పెళ్ళయిన కొత్తలో అలా ఊదే వాంతులతో మంచం పట్టాడు. అప్పట్నించీ హెలెన్ పుల్ల ముట్టలేదు.

ఆమె వేళ్ళ చివర్లు పగిలి, గోళ్ళు పచ్చబడ్డాయి. నెలసరి ఎప్పుడొస్తుందో తెలియని ఒంట్లో ఇప్పుడు నాలుగో నెల. ఇంతకుముందు రెండుసార్లు నిలవలేదు. గట్టు దాటేటప్పుడల్లా ఎడమచెయ్యి దానంతటదే పొత్తికడుపు మీదికి పోతోంది.

"ఏంటి ఆరోనూ, మీ ఆవిడ మందు కలుపుతోందా, పులిహోర కలుపుతోందా?" చేను గల బుల్లిరాజు గారు కేకేశారు.

"పులిహోరైతే మీకూ పెడదుం కదండీ!" అంది హెలెన్.

వీపున పంపు మోస్తున్న ఆరోన్ నవ్వలేదు. "హార్మోన్లు తేడాగా ఉన్నాయి, పురుగుమందు జోలికెళ్ళొద్దని డాక్టరమ్మ గారు చెప్పలేదేంటే?"

"కొట్టేది నువ్వు. నాది కలపడమే కదా."

అన్నాల వేళ, కలుపు తీసే మరిడమ్మ బొప్పాయి ముక్క చాపింది. హెలెన్ పామును చూసినట్టు వెనక్కి జరిగింది.

"అమ్మో, వద్దు పిన్నీ! కడుపుతో ఉండి అది తింటారా?"

"చాల్లే, నీ జాగ్రత్తలూ నువ్వూనూ!"

హెలెన్ చేను పక్క బోదె కాలువలో చేయి జాడించుకుని క్యారేజీ విప్పింది. ముద్ద నోటి దాకా వచ్చేసరికి మందు వాసన కొట్టింది. అలవాటైన వాసనే. తినేసింది.

మళ్ళీ బకెట్ మీదికి వంగినప్పుడు నడుములో కలుక్కుమంది. వాతమేమో అనుకుంది. కాళ్ళ వెంట తడి తగిలితే బోదె నీళ్ళనుకుంది. కుచ్చిళ్ళు ఎత్తి చూసుకుని అలాగే కూలబడింది. మరిడమ్మే కేక పెట్టింది. ఆరోన్ పంపు దించకుండానే బురదలో పడి పరిగెత్తుకొచ్చాడు.

ఆటో ఎక్కించేటప్పుడు హెలెన్ అతని చొక్కా పట్టుకుంది. "బకెట్లో ఉండలున్నాయయ్యా. నోటితో ఊదకు."

ఆటో పాలకొల్లు చేరకముందే కడుపులోని ఆ కాస్త ప్రాణమూ జారిపోయింది.

పొద్దువాలేసరికి చేలో ఎవరూ లేరు. గట్టు మీద బకెట్‌లో మందునీళ్ళు తేరుకున్నాయి. అడుగున ఉండలు ఉండలుగానే ఉన్నాయి. పక్కన తుమ్మపుల్ల, కొస కూడా తడవకుండా.