పెద్దలపెరటి చిక్కుడు విత్తు

మృగశిర కార్తె ప్రవేశించెను. గ్రీష్మాతపదగ్ధములైన కొండచరియలు తొలకరిజల్లులకు మెత్తనై వెదురుపొదల కొనలయందు లేఁతచివురులు తలసూపుచుండ నీలమేఘములు గోదావరీజలములమీఁదుగా మెల్లఁగా నడచివచ్చి కొండల యడుగున నొదిగియున్న నేరేళ్ళగొంది యను కొండరెడ్ల పల్లెపై నొకింతసేపు నిలిచి నాలుగు చినుకులు రాల్చి పోవుచుండెను. ఆ పల్లెకు దిగువను పాలవాగు గట్టున స్త్రీపురుషులందఱు తట్టలును పారలును గొని యిసుక నెత్తుచుండిరి.

వారెత్తుచున్నది తమ పెద్దలపెరటిని గప్పిన యిసుక. పూర్వులు కొండపైనుండి దిగివచ్చిననాఁడు తమవెంటఁ దెచ్చిన చిక్కుడును గడ్డలును మందుమొక్కలును నాటిన తోట యది. తోటనడుమ నింటికొక్క బండ చొప్పున వలయముగాఁ బఱచిన కూటమిచోటు కలదు. పెండ్లిమాటయైనను తగవైనను చావుకబురైనను ఆ బండలపైఁ గూర్చుండి ముగించుకొనుట వారి యాచారము. ముందటేఁటి వఱదలో వాగు పొంగి తోటను బండలను నిలువెల్ల ముంచి మేట వేసి పోఁగా జనులు కూటమిని మఱచి యెవరి గుమ్మమున వారే కూర్చుండ నేర్చిరి. ఏఁడాది తిరుగునప్పటికి ఒకరి కష్టము మఱియొకరికిఁ దెలియకుండఁ బోయెను. ఇఁక నిట్లు కాదని పల్లెయంతయు నొక్కటై యిప్పుడు పనికిఁ బూనెను.

అందఱును సంతోషముతోఁ బనిచేయుచుండఁగా ఒక్కతె కన్ను మాత్రము పనికంటెఁ దనకు రానున్న గౌరవముమీఁదనే యుండెను. ఆమె పేరు పండమ్మ. మీఁది కొండపల్లెనుండి కన్నపరెడ్డికి భార్యయై యీ పల్లెకు వచ్చిన యిల్లాలు. పెద్దలపెరటిలోఁ దొలివిత్తు వేయు గౌరవము ఆమె యత్తగారు బ్రతికియున్నంతకాలము ఆమె యత్తగారిది. ఆ విత్తువేసిన చేతితోనే శీతకాలమునఁ దొలికాయ త్రుంచి యమ్మవారికి సమర్పింపవలయును. అంతవఱకు పల్లెలో నెవ్వరును క్రొత్తచిక్కుడు నోటఁ బెట్టరాదు. అత్తగారి పిమ్మట ఆ గౌరవము తనదికాక మఱెవరిదగునని పండమ్మ ధీమాతో నుండెను. పైగా వఱదలో వాగుగట్టు నిండ్లవారి విత్తనములన్నియు గొట్టుకొనిపోఁగా పెద్దలనాఁటి నల్లచారల చిక్కుడు గింజలు ఎత్తైన చోటనున్న పండమ్మ యింటి యటుకమీఁదనే మిగిలియుండెను.

బండలన్నియు బయటపడిన నాఁడు పల్లెకుఁ బెద్దయగు పెద్దకాపు గంగిరెడ్డి జనుల నందఱఁ గూర్చుండఁబెట్టి యిట్లు పలికెను.

“ఇసక తట్ట ఎవరికన్నా ముందు నెత్తికెత్తుకున్నది బుల్లెమ్మ. తొలి ఇత్తు ఆ సేత్తోనే ఏయిద్దాం. పండమ్మా, ఇత్తనాలు నువ్వు ఇయ్యి.”

బుల్లెమ్మ వాగుగట్టున నుండు పడుచు. వరుసకుఁ బండమ్మకు మఱఁదలు. వఱదలో గుడిసె పోఁగొట్టుకొనియు నవ్వు పోఁగొట్టుకొనని మనిషి. ఆ మాట వినఁగానే యామె మొగము విప్పారెను. పండమ్మ మొగము మాడిపోయెను. ఔరా! తన యింటి గింజ, తన యత్తగారి గౌరవము, పేరు మాత్రము మొన్నమొన్న కాపురమునకు వచ్చిన పిల్లకా! “దానికేం తక్కువ మావా, అలాగే” యని పైకిఁ బలికినదే కాని యింటికిఁ జేరువఱకు ఆమె పండ్లు కొఱుకుచునే నడచెను.

మధ్యాహ్నమున నింట నెవ్వరును లేని వేళఁ జూచి పండమ్మ సొరబుఱ్ఱలోని గింజలు దించి పిడికెఁడు తన దొడ్డికని యడ్డాకులో మూటగట్టి మిగిలినవానిని మంగలమను వేపుడుకుండలోఁ బోసి సన్నని సెగను వెచ్చచేసెను. చారలు చెడలేదు, రంగు మాఱలేదు. ప్రాణము మాత్రము పోయెను. ఆమె పుట్టింటి కొండపల్లెలో విత్తు మొలవనియెడల వేసినవారి చెయ్యి మంచిది కాదని యా చేతిని మరల విత్తు ముట్టనీయరు. ఆమె కోరినదియు నదియే. ఒక్కసారి ఆ పిల్ల చెయ్యి చెడ్డదని తేలినచో మఱుసటేఁడు పల్లె తన గుమ్మము త్రొక్కక యెక్కడికిఁ బోవును?

బుల్లెమ్మ యా గింజల నమ్మవారికి మ్రొక్కి నాటెను. వానలు చక్కఁగాఁ గురిసెను. గడ్డలు మొలచెను, మందుమొక్కలు చిగిర్చెను, కలుపు సైతము పచ్చఁగాఁ గమ్ముకొనెను. చిక్కుడు పాదులు మాత్రము బోసిగా నుండెను. పండమ్మ దినదినము నటువైపు పోయి చూచి “అయ్యో పాపం” అని నిట్టూర్చి యింటికి వచ్చి కడుపునిండ భుజించుచుండెను. చెప్పరాదు గాని యా దినములలో ఆమెకు గంజియైనను అమృతమై యుండెను. బుల్లెమ్మ నవ్వు మఱచెను. పనిచేయుచునే నడుమనడుమఁ దన యఱచేతులు త్రిప్పి త్రిప్పి చూచుకొనుచుండెను.

కడకుఁ గూటమి కూడెను. గంగిరెడ్డి పాదులు త్రవ్వించి కుళ్ళిన గింజల నఱచేతఁ బెట్టుకొని వ్రేలితో నలిపి చూచెను. పిమ్మట బుల్లెమ్మ వంక చూడనైనఁ జూడక కన్నపరెడ్డి వంకకుఁ దిరిగెను.

“ఇత్తు సచ్చిపోయిందిరా కన్నపా. ఇత్తు సచ్చిందంటే అది ఇచ్చిన ఇంటి పెద్దలు ఎల్లిపోయారని లెక్క. మన పద్ధతి నీకు తెలుసు గదా. మీ బండ తియ్యాల.”

పండమ్మ యిది తలపనేలేదు. తన పుట్టింటి కొండమీఁద తప్పు చేతిది. ఈ పల్లెలోఁ దప్పు గింజది! తాను కాపురమునకు వచ్చినది మొదలు ఇక్కడ విత్తు చచ్చుట యెఱుఁగదు కనుక ఆ యాచారమును నెఱుఁగదు. బండ తీసిన యింటికిఁ గూటమిలో మాట లేదు, పెండ్లికిఁ బిలుపు లేదు. కన్నపరెడ్డి తల వంచుకొని తన తాతలు కూర్చుండిన బండను చేత నిమురుచుండెను. పడుచువాండ్రు గునపములతో లేచిరి.

అప్పుడు బుల్లెమ్మ పరుగునవచ్చి యా బండకు అడ్డముగా నిలిచెను.

“ఆగు మావా! ఇత్తనం మంచిదే. నా సెయ్యే మంచిది కాదు. లోతుగా పూడ్సేశానేమో, తడిలో కుళ్ళిపోయాయి. తీత్తే మా బండ తియ్యండి. వదినోళ్ళది ముట్టుకోకండి.”

“మనిసంటే బుల్లెమ్మేనే!” అని ముసలమ్మలు కన్నుల నొత్తుకొనిరి. మగవారు తలలూఁచిరి. గంగిరెడ్డి కన్నులలో సయితము నీరు నిలిచెను.

ఈ మాటకుఁ బండమ్మ గండము గడచినదని యూపిరి పీల్చుకొనవలయును గదా! పీల్చుకొనలేదు. ఆ మెచ్చుకోలు చెవినిఁ బడఁగానే యామె కడుపులో మరల నిప్పు రాజుకొనెను. గౌరవము దానికే, కన్నీరు దానికే, మంచితనము దానికే! తన బండను గాపాడిన కీర్తియు దానికేనా? ఆమె కొంగు బిగించుకొని లేచి యఱచెను.

“సాల్లే, కూకోవే! అది నీ తప్పేటి? నాది! మంగలంలో ఏసి ఏపింది నేను. తొలి ఇత్తు దీనికిచ్చారు. పేరు దీనికిచ్చారు. ఆకరికి నా తప్పు కూడా దీనికే ఇచ్చేత్తారేటి?”

కన్నపరెడ్డి నోరు తెఱచి భార్యను జూచుచుండెను. బుల్లెమ్మ మొగము మొదటఁ దెల్లనై పిదప నెఱ్ఱనయ్యెను.

“ఏపేవా? ఓసి నీ ఇల్లు బంగారం గానూ! నాది పాపిష్టి సెయ్యనుకుని ఇన్నాళ్ళూ నా పిల్లకి ముద్ద కలిపి పెట్టలేదు కదే వదినా!” అని కొప్పు పట్టఁబోఁగా నలుగురు నడ్డుపడిరి.

గంగిరెడ్డి చేయెత్తి యందఱ నూరకుండఁజేసెను. “ఇత్తు తనంతట సావలేదు, సంపితే సచ్చింది. పెద్దలు ఎక్కడికీ పోలేదు. బండ ఉంటాది. పండమ్మ మాత్రం ఈ ఏడు బండెక్కకూడదు, నేల మీద కూకోవాల. ఏపకుండా దాసిన గింజలు ఏవన్నా మిగిలాయా?”

పండమ్మ యింటికిఁ బోయి యింకను దొడ్డిలో నాటని గింజల యడ్డాకు మూట విప్పి గింజలు పిడికిటఁ బోసికొని వచ్చెను. బుల్లెమ్మ చెయ్యి చాఁచెను. పిడికిలి విడలేదు. పల్లెయంతయుఁ జూచుచుండెను. సన్నని తుంపర మొదలయ్యెను. బుల్లెమ్మ కోపముతోఁ బండమ్మ వ్రేళ్ళ నొక్కొక్కటిగా విప్పి గింజలు తీసికొనెను. పండమ్మ విప్పనిచ్చెను.

“లోతుగా పూడ్సమాకు” అనెను పండమ్మ.

“నాకు తెలుసులే!”

“తెలుసంట!”

పండమ్మ యసూయ యంతటితోఁ జచ్చినదని చెప్పినచో నేను బొంకినవాఁడనగుదును. మనస్సులోని యీర్ష్య యొక్కనాఁటి యొప్పుకోలుతోఁ బోవునది కాదు. ఒక్కొక్కవేళ అదియే మనుజునిచేత సత్యము పలికించును. కొన్ని దినములకుఁ దెల్లవాఱగనే పాదులకడ కందఱికంటె ముందుగాఁ బోయినది పండమ్మయే. తడిమట్టిని బగులఁదీసికొని లేఁతమొలక యొకటి తల వంచుకొని లేచుచుండెను. ఆమె యక్కడనే చతికిలఁబడి కొంగుతో మొగము తుడుచుకొని వాగుగట్టు గుడిసె వంకకు గొంతెత్తి యఱచెను.

“బుల్లీ! లెగవే! మా ఇత్తు లేసిందే! నీ సెయ్యి గొప్ప కాదే, మా ఇత్తు గొప్ప!”

అఱచుచునే యేడ్చుచుండెను.